మీరు నడిస్తే ఎండ తగ్గుద్దా?

(2025 మార్చి 2, ఆదివారం సాయంత్రం విజయవాడలో ఒక గ్రంథాలయం పైహాలులో జరిగిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. బాబూ, ఆ మైకు కొంచెం అవతలికి జరుపు. ముప్పై రెండేళ్లు క్లాసుల్లో అరిచిన గొంతు ఇది. ఫ్యాను మాత్రం ఆపొద్దు. మార్చి మొదట్లోనే ఇలా ఉంది. బెజవాడని బ్లేజ్‌వాడ అని మీరే సరదాగా అనుకుంటారు. మాది గుంటూరు, ఆ విషయంలో మేమూ ఏమీ తక్కువ తినలేదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. 1960లో పుట్టాను. వయసు ఎందుకు చెబుతున్నానంటే, దానికి నా దగ్గర ఇంకో లెక్క ఉంది. నేను పుట్టిన ఏడాది గాలిలో, భూమి వేడిని పట్టి ఉంచే కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకి సుమారు 317 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది. బొగ్గుతో ఫ్యాక్టరీలు నడపడం మొదలుకాక ముందు, వేల ఏళ్ల పాటు అది 280 దగ్గరే ఉంది. అంటే మనిషి కలిపిన దాంట్లో ఎక్కువ భాగం నా ఒక్క జీవితకాలంలో కలిపిందే. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు ఈ లెక్క బోర్డు మీద వేసేదాన్ని. వాళ్లు నోట్సులో రాసుకునేవాళ్లు, పరీక్షలో రెండు మార్కులు తెచ్చుకునేవాళ్లు. అంతటితో సరి.

రిటైరయ్యాక ఈ నడక పిచ్చి పట్టుకుంది. మొన్న జనవరి 18న, సంక్రాంతి హడావుడి అయిపోయాక, ఇరవై రెండు మందిమి నాగార్జునసాగర్ డ్యామ్ దగ్గర విజయపురి సౌత్‌లో బయల్దేరాం. మాచర్ల, రెంటచింతల, గురజాల, దాచేపల్లి, పిడుగురాళ్ల, సత్తెనపల్లి, అమరావతి, అక్కణ్ణించి ఈ ఊరు. బ్యారేజి దాటి ఉయ్యూరు, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ. పద్దెనిమిదో రోజున హంసలదీవిలో సముద్రం దగ్గర ఆగాం. మొత్తం మూడు వందల కిలోమీటర్లకి కాస్త తక్కువ. మాకు సంఘం లేదు, జెండా లేదు, పేరు కూడా లేదు. డిగ్రీ పిల్లలు ఎనిమిది మంది, ఒక నర్సు, ఒక ఎలక్ట్రీషియన్, ఇద్దరు రైతులు, నాలాంటి రిటైరైనవాళ్లు కొందరు. రిటైరైన ఆర్టీసీ కండక్టరు గారు ఒకరున్నారు. రోజూ పొద్దున ఐదింటికి తలలు లెక్కపెట్టి, సరిపోతేనే "రైట్ రైట్" అనేవారు. అది వినబడేదాకా ఎవరూ అడుగు వేయకూడదు.

మూడో రోజు రెంటచింతల చేరాం. వేసవిలో టీవీ వార్తలు చూసేవాళ్లకి ఆ పేరు బాగా తెలుసు. రాష్ట్రంలో బాగా మండే ఊళ్ల జాబితా చదివితే అది ఉండాల్సిందే. మేం వెళ్లింది జనవరిలో, పొద్దున చలికి చేతులు రుద్దుకుంటూ. బస్టాండు దగ్గర టీ కొట్టు నడిపే పెద్దమ్మ మమ్మల్ని ఎగాదిగా చూసి, యాడికమ్మా పోతన్నారు అంది. మా పిల్లల్లో ఒకమ్మాయి ఉత్సాహంగా చెప్పింది. భూమి వేడెక్కుతోంది, వాతావరణం మారిపోతోంది, దాని గురించి అందరికీ చెబుతూ సముద్రం దాకా నడుస్తున్నాం అని. పెద్దమ్మ పాలు పొంగకుండా మంట తగ్గించి, నా వైపు తిరిగి అడిగింది:

"ఏందమ్మా, మీరు నడిస్తే ఎండ తగ్గుద్దా?"

ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది. తగ్గదు పెద్దమ్మా అన్నాను. "మరి?" అంది. ఆ "మరి"కి నా దగ్గర జవాబు లేదు. టీ తాగాం. డబ్బులు తీసుకోలేదు. "చలికాలంలో వచ్చి ఎండ గురించి చెప్తే ఎట్టా? మేలో రాండి, మేమే మీకు చెప్తాం" అంది.

ఆ మాట నిజం. 2015 మేలో వచ్చిన వడగాడ్పులకి మన ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఏసీ గదుల్లో ఉన్నవాళ్లు కారు. ఉపాధి పనికి వెళ్లినవాళ్లు, మేకలు కాసేవాళ్లు, రోడ్డు పక్కన బండి పెట్టుకున్నవాళ్లు. ఆ పెద్దమ్మకి ఎండ గురించి నేను చెప్పేదేముంది? ఆమె నాకు చెప్పాలి. ఆ రాత్రి స్కూలు వరండాలో పడుకుని ఇదే మాట్లాడుకున్నాం. ఊరూరా మైకు పెట్టి ఉపన్యాసం ఇవ్వాలని బయల్దేరినవాళ్లం మేం. కరపత్రాలు రెండు వేలు వేయించుకొచ్చాం. వాటిలో సగం తర్వాత ఇడ్లీ పొట్లాలకి పోయాయి, అది వేరే సంగతి.

అప్పుడు నాకు ఒక పాత నడక గుర్తొచ్చింది. దండి యాత్ర మీకందరికీ తెలుసు. 1930, 24 రోజులు, దాదాపు 385 కిలోమీటర్లు. అది కాదు. మన దగ్గర జరిగింది ఇంకోటి ఉంది, పాఠ్యపుస్తకంలో అర పేరా కూడా దక్కలేదు దానికి. రైతు యాత్ర. ఇచ్ఛాపురంలో మొదలై, తొమ్మిది జిల్లాలు తిరిగి, 130 రోజులు, 1,500 మైళ్లు నడిచి 1938 మార్చిలో మద్రాసు చేరారు. రెండు వేల మందికి పైగా రైతులు. మా గుంటూరు జిల్లా నిడుబ్రోలు రంగా గారు, ఎన్.జి. రంగా, నడిపిన రైతు ఉద్యమ కాలం అది. నాకు నచ్చింది మైళ్ల లెక్క కాదు. వాళ్లు దారి పొడుగునా సభలు పెట్టడమే కాకుండా అర్జీలు రాయించుకున్నారు. పదకొండు వందలకు పైగా. అవి మోసుకెళ్లి మద్రాసు శాసనసభకి ఇచ్చారు. అంటే వాళ్లు చెప్పడానికి ఎంత నడిచారో, రాసుకోడానికీ అంతే నడిచారన్నమాట. ఇవాళ ఏ పార్టీ పాదయాత్ర చూసినా మైకు ఉంటుంది, పూలదండ ఉంటుంది, క్రేను ఉంటుంది. రాసుకునేవాడు కనబడడు. ఏ పార్టీ అని అడక్కండి, అన్నీనూ.

మర్నాడు గురజాలలో ఒక పెద్ద రూళ్ల పుస్తకం కొన్నాం. ఇదిగో, ఇదే. ఊళ్లో ఆగిన చోటల్లా ఒకటే ప్రశ్న: మీ చిన్నప్పటికీ ఇప్పటికీ ఏం మారింది? చెప్పింది చెప్పినట్టు రాయాలి, మన సొంత పైత్యం కలపకూడదు. ఇంకో నియమం కండక్టరు గారు పెట్టారు. వెనక ఊరివాళ్లు చెప్పింది ముందు ఊళ్లో చదివి వినిపించాలి. "బస్సు చేసే పని అదేగా మేడమ్, ఈ ఊరి కబురు ఆ ఊళ్లో దింపడం" అన్నారాయన.

ఇక్కడి నుంచి నడక నడకలా సాగింది.

దాచేపల్లి, పిడుగురాళ్ల ప్రాంతమంతా సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నపు బట్టీలు. ఒక బట్టీ దగ్గర రాయి ఎత్తే కుర్రాడిని అడిగాను, వంద కిలోల రాయి వేస్తే సున్నం ఎంత వస్తుందయ్యా అని. "సగం పైన వస్తదమ్మా" అన్నాడు. మిగతాది ఏమైంది? "కాలిపోయింది." కాలలేదు నాయనా, ఎగిరిపోయింది. నేను బోర్డు మీద వందల సార్లు రాసిన సమీకరణం అది. శుద్ధమైన సున్నపురాయి వంద కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్. పొయ్యిలో వేసిన బొగ్గు నుంచి వచ్చేది దీనికి అదనం. సిమెంటు కథా అదే. మనం ఇల్లు కట్టుకుంటే రాయిలో కోట్ల ఏళ్లుగా కూర్చున్న గాలిని లేపి పైకి పంపుతాం. ముప్పై రెండేళ్లు ఆ సమీకరణం చెప్పిన నేను బట్టీ వేడి ముఖానికి తగిలేలా నిలబడింది అదే మొదటిసారి. సిగ్గేసింది.

ఆ కుర్రాడు ఊరుకోలేదు. "అయితే మా బట్టీ మూసేయాలా?" అన్నాడు. వాళ్లది ఇక్కడి ఊరు కాదు, పని కోసం వచ్చినవాళ్లు. మన దేశంలో సగటు మనిషి లెక్కలో ఏడాదికి పడేది సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్. అమెరికాలో సుమారు 14. మన రెండు టన్నుల్లో మళ్లీ ఆ కుర్రాడి వాటా ఎంత, మూడంతస్తుల ఇల్లు కట్టుకున్న నా వాటా ఎంత? అతని ఎదురుగా నిలబడి, భూమిని వేడెక్కించేది నువ్వే అనడానికి నాకు నోరు రాలేదు. పుస్తకంలో అతని ప్రశ్న రాసుకున్నాం. జవాబు కింద ఖాళీ వదిలాం. ఇప్పటికీ ఖాళీగానే ఉంది, కావాలంటే చూడండి.

సత్తెనపల్లి దాకా మిరప. జనవరి కదా, కాయ కోతలు. కళ్లాలు ఎర్రగా పరిచి ఉన్నాయి. గాలి ఇటు తిరిగితే ఇరవై రెండు మందిమీ దగ్గు. ఈ ఏడాది కాయకి రేటు లేదు, ఎవరిని కదిపినా మొదటి మాట అదే. వాతావరణం గురించి అడిగితే ఒక రైతు తామరపురుగు గురించి చెప్పాడు. 2021లో నల్ల తామరపురుగు వచ్చి తోటలకు తోటలు పీకేశారు మీకు గుర్తుండే ఉంటుంది. ఇదంతా మీరు చెప్పే ఎండల వల్లేనా అన్నాడు. కాదు, ఆ పురుగు బయటి దేశాల నుంచి వచ్చింది, వాతావరణం కలిసొచ్చి పెరిగి ఉండొచ్చు గానీ మొత్తం దాని మీదకి తోయలేం అని చెప్పాను. మా పిల్లలకి నచ్చలేదు. "అవునని చెప్తే సరిపోయేది కదా మేడమ్, ఆయనే ఒప్పుకుంటున్నాడు" అన్నారు. ఒప్పుకుంటున్నాడని అబద్ధం చెబుతామా? వాన కాలం తప్పి కళ్లంలో కాయ తడిసి తాలు అయిపోవడం, అది వేరు. అది ప్రతి ఊళ్లోనూ చెప్పారు. రాసుకున్నాం.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మగవాళ్లు కొంచెం ఓపిక పట్టాలి. మాలో తొమ్మిది మంది ఆడవాళ్లం. మొదటి నాలుగు రోజులు ఆడపిల్లలు నీళ్లు తాగడం మానేశారు. ఎందుకో ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు. రోడ్డు పక్కన మగవాడికి ఊరంతా బాత్రూమే, మాకు కిలోమీటర్ల లెక్కన వెతుకులాట. ఐదో రోజు ఒకమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. మా నర్సు తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పకూడదు. ఆ సాయంత్రమే మిరపకోతకి వచ్చిన ఆడవాళ్లతో కూర్చుంటే వాళ్లూ అదే అన్నారు. పొద్దున ఆరింటికి చేలోకి వస్తాం, మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్లు తాగం, వెళ్లడానికి చోటు లేదు అని.

ఇప్పుడు ఫిజిక్సు వినండి. ఎండలో మనిషిని బతికించేది చెమట. చెమట పట్టడం గొప్ప కాదు, ఆరడం గొప్ప. ఆరేటప్పుడే ఒంట్లో వేడిని పట్టుకుపోతుంది. నీళ్లు తాగకపోతే చెమట రాదు. గాలిలో తేమ నిండిపోతే వచ్చిన చెమట ఆరదు. వేడి, తేమ రెండూ కలిసి ఒక హద్దు దాటితే, ఎంత ఆరోగ్యవంతుడైనా నీడలో కూర్చున్నా ఒళ్లు చల్లబడదు. ఉక్కపోత అని మనం విసుక్కునేది అదే, ముదిరితే ప్రాణం తీస్తుంది. గాలి వేడెక్కే కొద్దీ తేమ ఎక్కువ పట్టుకుంటుంది. కాబట్టి చేలో ఆడకూలీలకి మరుగుదొడ్డి లేకపోవడం కూడా వాతావరణం సమస్యే. ఈ మాట ఏ అంతర్జాతీయ సభలోనో విన్నది కాదు. మిరపచేలో నేర్చుకున్నాను.

మా తప్పులు కూడా చెప్పేస్తాను. ప్లాస్టిక్ ముట్టకూడదని ఒట్టేసుకుని బయల్దేరాం. ఒక ఊళ్లో మాకు స్వాగతం పలకడానికి పెద్ద ఫ్లెక్సీ కట్టారు, మా ఫోటోలతో, పైన "పర్యావరణ ప్రేమికులకు" అని. ఆపైన ఇరవై రెండు ప్లాస్టిక్ బాటిళ్ల నీళ్లు చేతుల్లో పెట్టారు. వద్దంటే బాధపడతారు. తాగాం. మాతో సామాన్లకి ఒక వ్యాను వచ్చింది. నడిచింది మేం, డీజిలు తాగింది అది. ఎడ్లబండి పెట్టుకుందామని వెతికాం. ఎడ్లున్న వాళ్లే కరువు.

అమరావతి దాటి రాయపూడి వైపు వస్తుంటే కృష్ణ అవతలి గట్టున ఇబ్రహీంపట్నం థర్మల్ పొగగొట్టాలు కనబడతాయి. మీకు రోజూ కనబడేవే. బొగ్గులో 12 కిలోల కార్బన్ కాలితే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మాతో వచ్చిన ఎలక్ట్రీషియను అక్కడ ఆగి, "అది ఆగితే నా పని ఆగుద్ది మేడమ్" అన్నాడు. నిజమే. ఆ పొగ ఆకాశంలో రెండు మూడు రోజుల్లో విడిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ మాత్రం పోదు. అందులో కొంత వందల ఏళ్లు ఉంటుంది. మేం బయల్దేరడానికి వారం ముందే ప్రపంచ వాతావరణ సంస్థ ఒక ప్రకటన చేసింది. ఫ్యాక్టరీల కాలానికి ముందున్న సగటు కంటే 2024లో భూమి 1.55 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉందని. 2015లో పారిస్‌లో దేశాలన్నీ కూర్చుని దాటకుండా చూద్దాం అనుకున్న గీత ఒకటిన్నర. ఒక్క ఏడాది దాటితే గీత దాటినట్టు కాదు, ఇరవై ఏళ్ల సగటు చూస్తారు. అయినా దాటిన తొలి క్యాలెండరు సంవత్సరం అది.

ఒకటిన్నర డిగ్రీ అంటే ఇంతేనా అనిపిస్తుంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరి మోయగలదు. మోసింది ఎక్కడో ఒక చోట దింపాలి కదా. దింపేటప్పుడు ఒక్కసారే దింపుతుంది. మీ ఊళ్లో దింపింది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం, మీ ఊరు మునిగిన రోజు. ఈ హాల్లో సింగ్‌నగర్ వాళ్లు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి... సరే, దించండి. మేం జనవరి చివర్లో మీ వీధుల్లో తిరిగాం. గోడల మీద నీటి గీత ఇంకా ఉంది. ఒకావిడ తలుపు మీద చెయ్యి పెట్టి, తన గడ్డం దగ్గర ఆపి చూపించింది. వాషింగ్ మెషీను ఇన్‌స్టాల్‌మెంట్లు ఇంకా కడుతోందట, మెషీను లేదు. సరిగ్గా ఏడాది ముందు, 2023లో, నాగార్జునసాగర్ నిండలేదు. డెల్టాలో నీళ్ల కోసం కొట్టుకున్నారు. మరుసటి ఏడు ప్రకాశం బ్యారేజి దగ్గర 11.4 లక్షల క్యూసెక్కుల వరద. పడవలు కొట్టుకొచ్చి గేట్లని గుద్దాయి. 1957లో కట్టిన బ్యారేజి చరిత్రలో అంత వరద లేదు. ఒక ఏడు చుక్క లేదు, మరో ఏడు గుక్క తిప్పుకోనివ్వదు. నది అదే.

అయితే సింగ్‌నగర్‌ని ముంచింది కృష్ణ కాదని మీకు తెలుసు. బుడమేరు. వాన ఎక్కువ పడింది, అది వాతావరణం లెక్క. డైవర్షన్ కాలవకి గండ్లు పడ్డాయి, ఏరు దారి ఇరుకైపోయింది, ఏరు పారాల్సిన చోట మనం ఇళ్లు కట్టుకున్నాం. అది వాతావరణం లెక్క కాదు, మన లెక్క. ఈ ముక్క గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఈమధ్య ఒక కొత్త అలవాటు చూస్తున్నాను. పూడిక తీయనివాడూ, గట్టు కాపాడనివాడూ, ఏటిలో ప్లాటు వేసి అమ్మినవాడూ, అందరూ "క్లైమేట్ చేంజ్ అండీ, ఏం చేస్తాం" అంటున్నారు. ఆ మాట అందరి తప్పులకీ గొడుగైపోతోంది. దానికోసం కాదు మేం కాళ్లు బొబ్బలెక్కించుకుంది.

సింగ్‌నగర్‌లో మేం పల్నాడు ఊళ్లలో రాసుకున్న పుస్తకం చదివాం. టీ కొట్టు పెద్దమ్మ మాట చదవగానే నీటి గీత చూపించినావిడ నవ్వి, "ఆమెకి చెప్పండి, మా దగ్గర వాన తగ్గుద్దా అని అడుగుతున్నారని" అంది. రాసుకున్నాం.

కంకిపాడు దాటాక డెల్టా. అరటి, కంద, పసుపు, చెరుకు, వరి కోసిన చేలు. కళ్లకి హాయి, కాళ్లకి హాయి, నాకు మాత్రం గొడవ. వరిచేలో నీళ్లు నిలబెడితే మట్టిలో గాలి ఆడక మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్క తీస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు వేడి పట్టేది అది. ఇది ఒక రచ్చబండ దగ్గర చెప్పాను. చెప్పకుండా ఉంటే మధ్యాహ్నం భోజనం ప్రశాంతంగా జరిగేది. "ఇన్నాళ్లూ అన్నం పెట్టినందుకు ఇప్పుడు మేం దొంగలమా?" అని ఒక పెద్దాయన లేచారు. నేను కూర్చోబెట్టలేకపోయాను. మాతో వచ్చిన రైతు కూర్చోబెట్టాడు. "బాబాయ్, నీళ్లు పెట్టొద్దనడం లేదు, ఆరబెట్టి మళ్లీ పెట్టమంటున్నారు" అని. తడి, ఆరుడు, మళ్లీ తడి. మొక్క ఈనే దశలో నీళ్లుంచి, మిగతా రోజుల్లో మధ్య మధ్య ఆరనిస్తే మీథేన్ బాగా తగ్గుతుంది, నీళ్లూ మిగులుతాయి, దిగుబడి పెద్దగా పడదు. పెద్దాయన అడిగింది మాత్రం నాకు తట్టలేదు: "కాలవకి నీళ్లు ఎప్పుడొస్తాయో తెలిస్తే ఆరబెడతాం. వంతు తెలియనప్పుడు వచ్చిన రోజే నింపుకోకపోతే ఎట్టా?" రైతు మనసు మార్చడం కంటే కాలవ వంతు సరిగ్గా చెప్పడం ముందు జరగాలని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసిన పనలు నీళ్లలో తేలాయి. ఆ సంగతి ప్రతి ఊళ్లోనూ విన్నాం, అది వేగంగా దాటేస్తాను, ఎందుకంటే దివిసీమలో తుపాను అనగానే ఎవరూ 2023 గురించి మాట్లాడరు.

1977 నవంబరు 19. అవనిగడ్డ అవతల ఒక తాతగారు, మేం అడక్కముందే మొదలుపెట్టారు. ఉప్పెన వచ్చినప్పుడు ఆయన తాటిచెట్టు పట్టుకుని బతికారు. చెట్టు మీద పాములూ ఉన్నాయట, అవీ కరవలేదు, ఎవరి భయం వాళ్లది. ఇంట్లో ఎంతమంది పోయారో చెప్పలేదు, మేమూ అడగలేదు. వేల మంది పోయిన రాత్రి అది. ఇప్పుడు తుపాను నాలుగు రోజుల ముందే తెలుస్తుంది, షెల్టర్లున్నాయి, ఆ లెక్కన మనుషులు పోవడం చాలా తగ్గింది. తెలుసుకున్న సైన్సు పనికొస్తుందనడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ అదే. కానీ ఆయన ఇప్పటి గోడు ఉప్పు. బోరులో ఉప్పు, పొలంలో ఉప్పు. 1900 నుంచి ఇప్పటికి సముద్రమట్టం సగటున సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. దానికి తోడు ఎగువ డ్యాములు మట్టిని ఆపేస్తున్నాయి, డెల్టాకి కొత్త ఒండ్రు రావడం లేదు. పక్కనే రొయ్యల చెరువులు. మళ్లీ అదే, ఎంత సముద్రానిది, ఎంత మనది అనేది విడదీసి చెప్పాలి.

తాతగారికి ఒక ఫిలిప్పీన్స్ మనిషి కథ చెప్పాను. 2013 నవంబరులో హైయాన్ అనే తుపాను ఆ దేశంలో ఆరు వేల మందికి పైగా చంపింది. టాక్లోబాన్ అనే ఊరు తుడిచిపెట్టుకుపోయింది, అక్కడా ఇలాంటి ఉప్పెనే. అప్పుడు పోలండ్‌లో వాతావరణ సదస్సు జరుగుతోంది. ఫిలిప్పీన్స్ తరఫున వెళ్లిన యెబ్ సానో అనే అధికారి అక్కడే కన్నీళ్లు పెట్టుకుని, ఏదో ఒకటి తేలేదాకా అన్నం ముట్టనని నిరాహారదీక్ష చేశాడు. నష్టపోయిన దేశాల కోసం ఒక వేదిక పెడదామన్నారు, అంతే. మరుసటి ఏడాది మనీలా నుంచి టాక్లోబాన్‌కి నలభై రోజులు నడిచి, సరిగ్గా తుపాను వచ్చిన రోజుకి చేరుకున్నాడు. దాదాపు వెయ్యి కిలోమీటర్లు. ఆ పైయేడు రోమ్ నుంచి పారిస్‌కి. తాతగారు అంతా విని, "వాళ్లూ చెట్లెక్కారా?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. "ఎక్కే ఉంటారు" అన్నారు. ఆ రాత్రి ఆయన మనవడు ఫోనులో టాక్లోబాన్ ఫోటోలు తీసి ఆయనకి చూపిస్తూ కూర్చున్నాడు.

మా నడక వల్ల ఏం జరిగింది అని పత్రికల వాళ్లు అడుగుతుంటే నాకు ఈ మనవడే గుర్తొస్తాడు. వాళ్లకి అది వార్త కాదు, తెలుసు.

ఫిబ్రవరి 4న హంసలదీవి. ఆ రోజు రథసప్తమి. ఎండ గురించి నడిచినవాళ్లం సూర్యుడి పండగ రోజే చేరడం మేం అనుకుని చేసింది కాదు, కండక్టరు గారి టైమింగు అది. మాఘ పౌర్ణమికి ఇంకా వారం ఉంది, జనం లేరు. జిల్లేడాకులు ఎవరో తెచ్చారు, తలకి పెట్టుకుని సంగమంలో మునిగాం. కాళ్ల బొబ్బలకి ఉప్పునీళ్లు తగిలితే ఎలా ఉంటుందో అనుభవిస్తే గానీ తెలియదు.

ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్లకి పుస్తకం చదివాం. మొత్తం కాదు, అక్కడక్కడా. రెంటచింతల చదివాం, బట్టీ కుర్రాడి ప్రశ్న చదివాం, సింగ్‌నగర్, రచ్చబండ దగ్గర పెద్దాయన, తాటిచెట్టు తాతగారు. వాళ్లలో ఒకాయన వల పక్కన పెట్టి, ఆ టీ కొట్టావిడ ఎప్పుడైనా సముద్రం చూసిందా అని అడిగాడు. ఏమో, చూసి ఉండదేమో అన్నాం. "రమ్మనండి. మేలో రమ్మనండి, అక్కడ ఎండ ఎక్కువ కదా. చేపల పులుసు పెడతాం" అన్నాడు.

కబురు చేరవేశాను. మొన్న బస్సులో రెంటచింతల వెళ్లి, పుస్తకం తెరిచి చదివి వినిపించాను. పెద్దమ్మ మొత్తం విని, "పులుసు సంగతి సరే, కొట్టు ఎవరు చూస్తారు?" అంది. ఈసారి టీకి డబ్బులు తీసుకుంది.

ఇక అసలు పని. ఈ వేసవి దాటాక బుడమేరు వెంట నడుద్దామనుకుంటున్నాం. మైలవరం వైపు కొండల్లో పుట్టిన చోటు నుంచి, వెలగలేరు మీదుగా, మీ వీధుల్లోంచి కొల్లేరు దాకా. ఏరు ఎక్కడ ఎంత వెడల్పు ఉందో అడుగులతో కొలుచుకుంటూ వెళ్తాం. సింగ్‌నగర్ వాళ్లు తప్పకుండా రావాలి. తలుపు దగ్గర నిలబడ్డాయన కండక్టరు గారే, పేర్లు ఆయనకి ఇవ్వండి. చెప్పులు పాతవి వేసుకు రండి, కొత్తవి కరుస్తాయి. ఆడవాళ్లు భయం లేకుండా నీళ్లు తాగండి, ఈసారి దారిలో ఎక్కడెక్కడ బాత్రూములున్నాయో ముందే చూసి రాసి పెట్టాం.

ప్రశ్నలుంటే అడగండి. ఆ వెనక చెయ్యెత్తిన పాప, నువ్వు ముందు అడుగు.